గడియ లేని తలుపుకు బోర్డు పంచాయితీ

వరంగల్ అర్బన్ అనే పేరు విప్పేసి హనుమకొండ అనే పేరు తొడుక్కోవడానికి మన జిల్లాకు 2021 ఆగస్టులో ఒక్క జీవో సరిపోయింది. అంతకు ముందు 2016 దసరా నాడు ఉమ్మడి వరంగల్ అనే పెద్ద దుప్పటిని కత్తిరించి తలా ఒక ముక్క కుట్టించారు. ఐదేళ్లలో రెండుసార్లు బట్టలు మార్చిన జిల్లా ఇది. అందులో కాపురముంటున్న నాకు మాత్రం, నా నడుము ముప్పయ్యారో ముప్పయ్యెనిమిదో తేల్చుకోవడానికి చోటు దొరకలేదు.

ఎంగిలిపూల బతుకమ్మకు రెండు రోజుల ముందు బిడ్డను తీసుకుని చౌరస్తా దిక్కు ఒక బట్టల షాపుకు పోయాను. షాపు పేరెందుకు లెండి. నాలుగంతస్తులు. బయట అద్దాల పెట్టెలో పట్టుచీర కట్టుకున్న బొమ్మ. దాని నెత్తి మీద ఆరు లైట్లు, వెనక ఏసీ. చీర మార్చే పూట ఆ అద్దానికి లోపలి నుంచి కాయితాలు అంటిస్తారు. ప్రాణం లేనిదైతే మాత్రం, నలుగురూ నడిచే బజారున బట్టలు మార్చుకోవడం మర్యాద కాదు కదా! షాపువాళ్ల సంస్కారానికి నాకు కడుపు నిండింది. ఆ నిండుదనం మూడో అంతస్తు దాకా నిలిచింది.

"ట్రయల్ రూమ్ యాడున్నది తమ్మీ?"

"గా మూలకున్నది సార్. లోపట కార్టన్లున్నయ్, జర పక్కకు జరుపుకోండ్రి."

ప్లైవుడ్ పెట్టె. పైన మూరెడు ఖాళీ, కింద జానెడు ఖాళీ. లోపల కార్టన్లు, చీపురు, తడి ఆరని మాపు, చేయి విరిగి రిటైరైన ఒక బొమ్మ. కొక్కెం ఉండాల్సిన చోట కొక్కెం ఊడిపోయిన రెండు బొక్కలు. గడియ ఉంది. అది పోయి పడాల్సిన రంధ్రం వేలెడు కిందికి జారింది. ఎవరి దారి వారిది. తలుపు మీద బోర్డు మాత్రం కొత్తది, బంగారు రంగుది. గౌను బొమ్మ ఒకటి, ప్యాంటు బొమ్మ ఒకటి, మధ్యలో గీత. అంటే ఆడవాళ్లకూ మగవాళ్లకూ కలిపి ఈ గోదామే గతి.

బిడ్డ లోపలికి పోయి ముందు అద్దం మీద గోరు ఆనించి చూసింది. గోరుకూ దాని నీడకూ మధ్య సందు కనబడితే మంచి అద్దమట, కనబడకపోతే అవతల ఎవడో ఉన్నట్టట. వాట్సాప్ నేర్పిన భౌతికశాస్త్రం. పూత ముందుంటే ఒక తీరు, వెనకుంటే ఇంకో తీరు కనబడే ఆ పరీక్షను నమ్ముకునేందుకు లేదని ఫిజిక్స్ చదివిన నా బిడ్డకు తెలుసు. తెలిసీ చేసింది. తర్వాత ఫోను లైటు వేసి స్క్రూ బొక్కలు వెతికింది, తల పైకెత్తి పొగ పసిగట్టే డబ్బా వంక అనుమానంగా చూసింది. ఒక చుడీదార్ తొడుక్కోవడానికి బాంబు స్క్వాడ్ పని అంతా ముగించి, చివరికి తలుపు సందులోంచి అన్నది.

"బాపూ, తలుపు గట్టిగ పట్టుకో."

పట్టుకున్నాను. ముప్పయ్యేళ్లు సర్కారు నౌకరీ చేసి రిటైరైన నాకు ఆ పూట కొత్త హోదా వచ్చింది. నేనొక గడియను. పక్క పెట్టె దగ్గర ఒక పెనిమిటి గడియ, దాని పక్కన ఒక తమ్ముడు గడియ. ముగ్గురం ఒకరి మొఖం ఒకరు చూసుకోకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాం. వెంట గడియ తెచ్చుకోని ఆడపిల్ల చేతిలో డ్రెస్సు పట్టుకుని మమ్మల్నీ తలుపులనూ చూసి, ఆ డ్రెస్సు అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది.

ఇక మగవాళ్ల సంగతి. నా ప్యాంటు వంతు వచ్చేసరికి షాపులో గిరాకీ పెరిగింది. "పండుగ సీజన్ల జెంట్సుకు ట్రయల్ లేదు సార్, నడుముకు పట్టి చూస్కోండ్రి" అన్నాడు పిల్లవాడు. మెడ చుట్టూ ప్యాంటు నడుము చుట్టి, రెండు కొసలు కలిస్తే సరిపోయినట్టే అని శాస్త్రం కూడా చెప్పాడు. నా మెడకు సరిపోయింది. ఇంటికొచ్చాక తెలిసింది, నేను ప్యాంటును మెడకు వేసుకోనని.

షాపు బయట చాయ్ బండి దగ్గర ఈ విషయం మీదే పెద్ద సభ. ముగ్గురు పెద్దమనుషులు. మొదటాయన సంస్కృతి సార్. "ఆడోళ్లకు వేరే అంతస్తు, మగోళ్లకు వేరే అంతస్తు ఉండాలె. గిదేం కలగలుపు? మన సంప్రదాయమేంది?" రెండో ఆయన ప్రపంచం సార్. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. "బయటి దేశాలల్ల అందరికీ ఒక్కటే. ఆడ మగ అని గీత గీసుడే వెనుకబాటు." మూడో ఆయన లెక్కల సార్. సొంత కాంప్లెక్సు కిరాయికిచ్చాడు. "ఒక్క ట్రయల్ రూమ్ జాగల ఎన్ని రాక్‌లు పడ్తయో ఎరికేనా మీకు?" మూడు చాయ్‌లయ్యాయి. సంప్రదాయం వేదాల దాకా, సమానత్వం స్వీడన్ దాకా పోయొచ్చాయి.

"మరి గడియ సంగతి?" అన్నాను.

ముగ్గురూ నా వంక జాలిగా చూశారు. సిద్ధాంతాలు నడుస్తున్న చోటికి వడ్లాయన పని తెచ్చినందుకు.

సంస్కృతి సార్ భయాన్ని నవ్వి తోసేయడానికి లేదు. 2021లో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని ఒక బట్టల దుకాణంలో ఒక యువతి బట్టలు మార్చుకుంటుండగా పక్క ట్రయల్ రూమ్‌లోంచి ఫోనుతో చిత్రీకరించారని ఇద్దరు యువకులను పోలీసులు పట్టుకున్నారు. పక్క గదిలో మగవాడు ఉండొచ్చన్న ఏర్పాటే ఆ దుర్మార్గానికి వీలిచ్చిందని ఆయన అంటే కాదనలేం. ఆ ఫోను మాత్రం బోర్డు మీది గీత దాటి రాలేదు. గోడ ఉండాల్సిన చోట గోడ లేక వచ్చింది. పైకప్పు దాకా గోడ ఉంటే అవతల మగవాడున్నా, ఆడమనిషున్నా, ఆరు ఫోన్ల సెల్‌ఫోన్ దుకాణమే ఉన్నా పోయేదేమీ లేదు. గోడ లేనప్పుడు అవతల ఆడవాళ్లే ఉండాలని బోర్డు పెడితే, ఆ బోర్డును ఫోను చదివి సిగ్గుపడి వెనక్కి పోతుందా?

పైగా కన్ను పక్క గదిలోనే ఉంటుందన్న నమ్మకమూ లేదు. 2015 ఏప్రిల్‌లో గోవాలోని కండోలింలో, అప్పటి కేంద్రమంత్రి స్మృతి ఇరానీ ఒక పేరున్న బట్టల దుకాణానికి పోతే, ట్రయల్ రూమ్ వైపు తిరిగి ఉన్న సీసీ కెమెరా కంట పడింది. పోలీసులు కేసు పెట్టారు. దేశమంతా గుండెలు బాదుకుంది. కేంద్రమంత్రి కాబట్టి కెమెరాకు కాళ్లు వణికాయి. అదే ఏ పరకాల నుంచో వచ్చిన కాలేజీ పిల్ల చూసి అడిగి ఉంటే, "గది పనిచేయది మేడం, డమ్మీది" అనేవారు. మన దుకాణాల్లో పనిచేయని కెమెరాలన్నీ ట్రయల్ రూమ్ దిక్కే ఉంటాయి. దొంగతనం జరిగిన దిక్కు కెమెరా ఎలాగూ పనిచేయదు.

చట్టం లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది. దొంగచూపును నేరం చేస్తూ 2013లో ఐపీసీలో 354సీ చేర్చారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ బట్టలు తొడుక్కుంది. మొదటిసారి దొరికితే ఏడాది నుంచి మూడేళ్లు, మళ్లీ దొరికితే మూడేళ్ల నుంచి ఏడేళ్లు జైలు. ఈ సెక్షన్ కాపాడేది ఆడవాళ్లను. తక్కినవాళ్లు ఐటీ చట్టంలోని 66ఈ కిందికి పోయి నిలబడాలి. 77లో ఒక ముచ్చటైన షరతు ఉంది. ఏకాంతం దొరుకుతుందని మామూలు మనిషి ఆశించే చోట జరిగిన పనైతేనే అది ఏకాంతపు పని. రేపు మన చౌరస్తా షాపు తరఫు వకీలు లేచి, "మిలార్డ్, మా క్లయింటు ట్రయల్ రూమ్ చూసిన ఏ మనిషీ అక్కడ ఏకాంతం దొరుకుతుందని కలలో కూడా ఆశించడు" అంటే కోర్టు ఏమంటుంది? ఫోటో చూపిస్తే చాలు, సాక్షులు అక్కర్లేదు.

ఉత్తరప్రదేశ్ మహిళా కమిషన్ ఇంకో అడుగు ముందుకేసింది. 2024 అక్టోబరు చివర్లో సమావేశమై, ఆడవాళ్ల కొలతలు మగ దర్జీలు తీయకూడదని, ఆడవాళ్ల బట్టలమ్మే దుకాణాల్లో ఆడ సిబ్బంది ఉండాలని, ఆ కొలతలు తీసే చోట సీసీ కెమెరాలు ఉండాలని ప్రతిపాదించింది. గోవాలో రోగం పేరు కెమెరా. లక్నోలో మందు పేరు కెమెరా. మగవాడి కళ్లు పనికిరావు గానీ, కెమెరా వెనక కూర్చుని చూసే మగవాడి కళ్లు పనికొస్తాయన్న మాట!

ఆ కమిషన్ మన దిక్కు వచ్చి చీరల అంతస్తు ఎక్కలేదు కాబట్టి బతికిపోయాం. అక్కడ మెత్తల మీద కూర్చున్న సేల్స్‌మన్ అన్న, గుబురు మీసం, చేతికి కడియం, గద్వాల చీర విప్పి కుచ్చిళ్లు తన నడుము దగ్గర పెట్టుకుని, కొంగు తన భుజం మీద వేసుకుని, అద్దం వైపు తిరిగి వయ్యారంగా నిలబడతాడు. "చూడమ్మా, కట్టుకుంటే గిట్ల కొడ్తది." ఎదురుగా కూర్చున్న పది మంది ఆడవాళ్లు, అత్తలతో సహా, ఆయన నడుమును తదేకంగా చూస్తారు. "బార్డరు జర పెద్దగైంది, పోచంపల్లి చూపియ్యన్నా." ఆయన గద్వాల విప్పి అందరి ముందే పోచంపల్లి కడతాడు. మగవాడు ఆడబట్టలు, ఆడవాళ్ల అంతస్తులో, పట్టపగలు, తలుపు లేకుండా! సంస్కృతి సార్ పక్కనే కూర్చుని సోడా తాగుతూ, "రెండోదే మంచిగుంది" అని తీర్పు కూడా చెప్తాడు. ఏ పంచాయితీ లేదు. ఎందుకంటే అక్కడ చూసేవాళ్లు చీరను చూస్తున్నారు. కలిసి ఉండడంతో తంటా లేదని, తంటా అంతా చూపుతోనని, రోజుకు నలభై చీరలు కట్టి విప్పే ఆ అన్నకు తెలిసినంత చాయ్ బండి సభకు తెలియదు.

సభలో నాలుగో కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. అది ట్రాన్స్‌జెండర్లది. వాళ్ల గురించి మూడు చాయ్‌ల సేపు మాట్లాడుకున్నారు గానీ, వాళ్లలో ఒకరిని పిలిచి అడగాలని ఎవరికీ తట్టలేదు. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో వాళ్ల గుర్తింపును ఒప్పుకుంది. 2019లో పార్లమెంటు చట్టం చేసింది. నిజాం కాలంనాటి నపుంసకుల చట్టాన్ని, అంటే ఒక మనిషి ఆడబట్టలు కట్టుకుని బజారుకొస్తే పట్టుకుపోవచ్చన్న 1919 చట్టాన్ని, తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. చీర కట్టుకుని బజారుకు రావడం నేరం కాదని తేలడానికి నూరేళ్లు పట్టింది. ఆ చీర మీది జాకెట్టు సరిపోయిందో లేదో చూసుకునే చోటుకు ఇంకెన్నేళ్లు? ఆడవాళ్ల లైన్లో నిలబడితే ఒకరు అరుస్తారు, మగవాళ్ల లైన్లో నిలబడితే నలుగురు నవ్వుతారు. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం, కొలత చూడకుండా కొనుక్కోవడం. అంటే పండుగ పూట నాకు దొరికిన సౌకర్యం వాళ్లకు ఏడాది పొడుగునా దొరుకుతుంది.

ఇదంతా ఏ ఊళ్లో? పదమూడో శతాబ్దంలో రుద్రమ మగవేషంలో, రుద్రదేవ మహారాజు అన్న పేరుతో గద్దెనెక్కిన ఓరుగల్లు ఇదే. ఆమె ఆ వేషం తొడుక్కున్న గది తలుపు మీద ఏ బొమ్మ ఉందో ఏ శాసనమూ చెప్పలేదు. గడియ మాత్రం ఉండే ఉంటుంది. అంత కోట కట్టుకున్న వాళ్లకు ఆ మాత్రం తెలివి ఉండదా!

ప్రపంచం సార్ చెప్పిన బయటి దేశాల ముచ్చట కూడా చూద్దాం. మన డల్లాస్ పిల్లలు వారాంతంలో బండి తోసుకుంటూ తిరిగే టార్గెట్ దుకాణాలు 2016 ఏప్రిల్‌లో ఒక ప్రకటన చేశాయి. ఎవరు ఏ జెండర్‌గా బతుకుతున్నారో దానికి తగిన మరుగుదొడ్డి, ట్రయల్ రూమ్ వాడుకోవచ్చన్నాయి. దేశం రెండుగా చీలింది. బహిష్కరణ పిలుపు మీద పది లక్షల పైచిలుకు సంతకాలు పడ్డాయి. మూడు నాలుగు నెలలు కొట్టుకున్నాక ఆ కంపెనీ ఏం చేసింది? రెండు కోట్ల డాలర్లు తీసి, ఒక్క మనిషికి సరిపడే, లోపలి నుంచి గడియ పడే మరుగుదొడ్లు లేని చోటల్లా కట్టిస్తానంది. అంత గొడవా తిరిగి తిరిగి వడ్లాయన దగ్గరికే వచ్చింది. లండన్‌లోనూ 2025 ఏప్రిల్‌లో ఐదుగురు సుప్రీంకోర్టు జడ్జీలు కూర్చుని, సమానత్వ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకతో స్త్రీ అని తేల్చారు. ఆ తీర్పుతో అక్కడ మళ్లీ బోర్డుల మీద వాదన మొదలైంది. వాళ్లకు తలుపులున్నాయి, బోర్డుల మీద కొట్లాడుకునే తీరిక ఉంది. తలుపే లేని మనం వాళ్ల కొట్లాటను ఒక్కటే దిగుమతి చేసుకున్నాం. దాని మీద జీఎస్టీ లేదు మరి.

ఈ కొట్లాట వల్ల లాభం ఎవరికంటే లెక్కల సార్‌కు. వేరు గదులు కావాలనే వాళ్లు ఒక పక్క, ఒకటే గది చాలనే వాళ్లు ఇంకో పక్క జుట్లు పట్టుకుని ఉన్నంత కాలం, షాపు యజమాని చేతులు కట్టుకుని, "మీరే ఒక మాట మీదికి రాండ్రి, గట్లనే చేద్దాం" అంటాడు. మనం ఒక మాట మీదికి రామని ఆయనకు తెలుసు. బోర్డు మార్చడానికి ఒక స్టిక్కరు చాలు. గోడను పైకప్పు దాకా లేపాలంటే ప్లైవుడ్ కొనాలి, గాలికి ఫ్యాను పెట్టాలి, కార్టన్లకు వేరే జాగా చూడాలి. స్టిక్కరు ఖర్చు తేలిక కాబట్టి స్టిక్కరు గురించే చర్చ బరువుగా సాగాలి.

ఈ పెట్టెల ముందు రోజంతా కాపలా ఉండే మనిషి గురించి అయితే ఎవరూ చాయ్ కూడా చల్లార్చుకోరు. షాపు యూనిఫాం చీర కట్టుకుని, "మూడు జతలకంటే ఎక్కువ తీస్కపోవద్దు మేడం" అంటూ నిలబడ్డ ఆ పిల్ల. హసన్‌పర్తి నుంచో ధర్మసాగర్ నుంచో పొద్దున్నే బస్సులో వస్తుంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు టికెట్ పైసల్లేని ప్రయాణం. అదృష్టం బాగుంటే బస్సులో సీటు దొరుకుతుంది, ఆ రోజుకు ఆమె కూర్చునేది అదే. పైసలు ఇవ్వకపోయినా కూర్చోబెట్టేది బస్సు. పైసలు ఇచ్చి నిలబెట్టేది షాపు. సేల్స్ పిల్లలు కూర్చోవచ్చు అని చెప్పడానికి కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టాలు సవరించాల్సి వచ్చిందంటే, కుర్చీ ఎంత విప్లవమో చూడండి. 

ఆమెను మెల్లగా అడిగాను. "అమ్మా, నువ్వు యూనిఫాం ఎక్కడ మార్చుకుంటవ్?"

"స్టాక్ రూమ్ల సార్. ఒక్కలం లోపటికి పోతే ఇంకొకలం తలుపుకాడ నిలబడ్తం."

వాళ్లకు వాళ్లే గడియలు. ఆ స్టాక్ రూమ్ ఆడవాళ్లదా, మగవాళ్లదా, అందరిదా అన్న చర్చ ఏ చాయ్ బండి దగ్గరా జరగలేదు. అది కార్టన్లది.

ఆ మాట వింటే నాకు మేడారం యాదికొచ్చింది. రెండేళ్లకోసారి హనుమకొండ మీది నుంచి బండ్లకు బండ్లు జనం తరలిపోయే జాతర. జంపన్నవాగు ఒడ్డున సర్కారు రేకుల గదులు వేస్తుంది, బట్టలు మార్చుకోవడానికి. వచ్చే జనం లక్షలు, గదులు పిడికెడు. చిన్నప్పుడు మా అమ్మతో పోయినప్పుడు ఆ పిడికెడూ లేవు. వాగులో మునిగి లేచిన ఆడమనిషి చుట్టూ నలుగురు చేరి ఒక చీరను అడ్డం పట్టేవాళ్లు. వాళ్లంతా చుట్టాలేమీ కాదు. ఒకామె మంథని, ఒకామె బస్తర్, ఇంకొకామె ఎవరో ఎవరికీ తెలియదు. చీర పట్టుకున్న నలుగురూ మొఖాలు బయటికి తిప్పుకుని, లోపలి మనిషికి వీపు పెట్టి నిలబడేవాళ్లు. ఆమె అయిపోయిందనే దాకా ఒక్కరూ వెనక్కి తిరిగేవాళ్లు కాదు. ఆమె బయటికొచ్చి ఇంకొకరి కోసం ఆ కొస పట్టుకునేది. ఐదున్నర మీటర్ల నేత గుడ్డ, నాలుగు జతల చేతులు, చూడకూడదన్న ఒక్క బుద్ధి. ప్లైవుడ్ లేదు, స్టిక్కరు లేదు, కమిషన్ లేదు.

కానీ అది వాగు ఒడ్డు, అమ్మవార్ల జాతర. కిరాయి తీసుకోని చోటు. అక్కడ ఒకరి మానం ఒకరు కాపాడుకోవడం భక్తి. నాలుగంతస్తుల ఏసీ దుకాణంలో, కొన్న ప్రతి బట్టకూ పన్ను కట్టే చోట, ఆ పని మళ్లీ గిరాకీల నెత్తిన, సేల్స్ పిల్లల నెత్తిన పెట్టడాన్ని భక్తి అనరు. వెయ్యి స్తంభాలు నిలబెట్టామని దేశమంతా చెప్పుకునే ఊరు ఇది. నిలబెట్టమంటున్నవి నాలుగు గోడలు. మనిషికొక గది. గోడ నేల నుంచి కప్పు దాకా. లోపలి నుంచి పడే గడియ. ఆ తర్వాత తలుపు మీద గౌను బొమ్మ పెడతారో, ప్యాంటు బొమ్మ పెడతారో, గణపతి బొమ్మే పెడతారో మీ ఇష్టం. ఆడవాళ్ల గదులన్నీ ఒక వరసలో కావాలంటే అట్లనే కట్టండి, తప్పేమీ లేదు. కట్టండి ముందు.

బిల్లు కౌంటర్ దగ్గర క్యారీబ్యాగ్‌కు వేరేగా పది రూపాయలు వేశారు. "ఇంకో యాభై వేసుకోండి, మూడో అంతస్తు ట్రయల్ రూమ్‌కు గడియ పెట్టియ్యండి" అన్నాను. కౌంటర్ పిల్లవాడు నవ్వాడు.

"గది మా చేతుల లేదు సార్. సేటును అడగాలె."

సరే, అడుగుదామని సేటు గది దగ్గరికి పోయాను. టేకు తలుపు. నేల నుంచి కప్పు దాకా గోడ. అద్దం మీద నల్ల ఫిల్మ్. బోర్డు మీద ఏ బొమ్మా లేదు, "అనుమతి లేనిదే లోపలికి రాకూడదు" అన్న అక్షరాలే ఉన్నాయి. తట్టాను. తోసి చూశాను. కదల్లేదు.

నాలుగంతస్తుల షాపులో లోపలి నుంచి గడియ పడే తలుపు అదొక్కటే.